అగ్గిపెట్టె మీద దీపం పురుగు

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. గుడియాత్తంలో ఆ రెండు రోజులూ ఫ్యాక్సు లైను దొరకలేదని నేను చెప్పింది అబద్ధం. లైను దొరికింది. మొదటి రోజు మొదటిసారే దొరికింది. బూత్‌లో కూర్చున్నాయన కాగితం కోసం చెయ్యి చాపితే, నేనే ఇవ్వలేదు.

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైన పెద్దవాళ్ళు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ నేను చేసిన పని నాకంటే ముందే రిటైరైపోయింది. చేత్తో గీసిన బొమ్మలతో అగ్గిపెట్టె లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సు ఇప్పుడు మా వైపు వెతికినా కనబడదు. అందుకని, కొత్తగా ఉద్యోగాల్లో చేరే చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ నా వయసు చూడకుండా ఇది చదవాలని కోరుకుంటున్నాను.

మాది వేలూరు పక్కన బాగాయం. నాన్న కట్టడాల మేస్త్రీ. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, తెలుగు చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. నేనూ ఆ రోజుల్లో డైరీని తెలుగు మాటల్లో, తమిళ అక్షరాల్లో రాసుకునేదాన్ని. ఆ అక్షరాల్లో 'గ'కీ 'క'కీ తేడా లేదు. నా పాత డైరీలో గాలీ కాలీ ఒకేలా ఉంటాయి. ఏ పేజీలో గాలి తగిలిందో, ఏ పేజీలో కాలి వేలికి దెబ్బ తగిలిందో ఇప్పుడు నాకే తెలియదు.

ప్లస్ టూ అయ్యాక ఇంటి నుంచే ఇంగ్లీషు బి.ఎ. చదువుతూ గుడియాత్తంలో ఆ ప్రెస్సులో చేరాను. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న కాలం. లుంగీలు నేసేవాళ్ళ నుంచి బీడీలు చుట్టించేవాళ్ళ దాకా అందరి నోటా 'ఎక్స్‌పోర్ట్' అనే మాటే. ప్రెస్సు యజమానిని మేమంతా మొదలాళి అనేవాళ్ళం. ఆయనకూ ఆ గాలి తగిలింది. ఇంగ్లీషు ఉత్తరాలు వస్తే చదివి చెప్పడానికి, జవాబు రాయడానికి, లేబుళ్ళ మీద స్పెల్లింగు చూడడానికి నన్ను పెట్టుకున్నాడు. ఉత్తరాలు వారానికి ఒకటి వస్తే ఎక్కువ. మిగతా సమయమంతా నేను ఎవరికీ అడ్డం రాకుండా ఉండే పని చేసేదాన్ని. ఆ పనిలో నాకు చిన్నప్పటి నుంచీ అనుభవం ఉంది.

నా బల్ల పక్కనే ఆర్టిస్టు పెద్దాయన బల్ల. కిటికీ వెలుతురు పడేలా వాలుగా వేసిన బల్ల, మీద సిరా బుడ్లు, ఉడత వెంట్రుకల కుంచెలు. ఒక లేబుల్‌లో నాలుగు రంగులుంటే ఆ బొమ్మను నాలుగుసార్లు, ఒక్కో రంగుకు ఒక్కో ఫిల్ము మీద నల్ల సిరాతో గీయాలి. అచ్చులో నాలుగూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగితే లక్ష్మీదేవికి రెండు ముక్కులు వస్తాయి. ఆయన గీసిన బొమ్మకు ఎప్పుడూ రాలేదు.

ఆయనలో ఇంకో వింత ఉండేది. చిత్తూరు వైపు నుంచి సైన్‌బోర్డులు రాస్తూ వచ్చిన మనిషి. ఐదు భాషల అక్షరాలు ముత్యాల్లా గీసేవాడు. చదవగలిగింది తమిళం ఒక్కటే. ఆంధ్రాకు వెళ్ళే బీడీ కట్టల మీద ఆయన వేసిన తెలుగు అక్షరాల్ని చూసే నేను తెలుగు రాయడం మొదలుపెట్టాను. ఆకారం ఆయన దగ్గర, శబ్దం తర్వాత ఒక పిల్లల వాచకంలో. మీరిప్పుడు చదువుతున్న అక్షరాలు అలా వచ్చినవే.

ప్రెస్సులో కాగితం దొంతర్ల మధ్య వేయడానికి చిత్తుకాగితాలు కొనేవాళ్ళు. అందులో ఒక రోజు అట్టా, మొదటి పేజీలూ, చివరి పేజీలూ లేని ఇంగ్లీషు పుస్తకం దొరికింది. గ్రీకు దేశపు దేవుళ్ళ కథలు. ఎవరు రాశారో తెలియదు. బాగాయం నుంచి వేలూరు, వేలూరు నుంచి గుడియాత్తం బస్సుల్లో దాన్ని చదువుకునేదాన్ని. చదువుతున్నట్టు ఎవరికీ కనబడకుండా టిఫిన్ సంచిలో పెట్టి చదివేదాన్ని.

ఆ పుస్తకం బయటపడింది నా నోటి వల్లే. ఆ నోరు అంతకుముందు ఏదీ బయటపెట్టి ఎరగదు.

"ఈ ప్రూఫు ఈ పొద్దే కావాల," అన్నాడు పెద్దాయన ఒక రోజు.

"ఈ పొద్దే కావాల," అన్నాను.

"స్పెల్లింగు చూసినావా?"

"చూసినా."

ఆయన కుంచె పక్కన పెట్టాడు. "ఏమ్మా, నీ గొంతులో మైకుసెట్టు ఉండాదా? నేను అన్న మాటే తిరిగి అంటావు, జాతరలో ఎకో పెట్టినట్టు."

"ఎకో అనేది ఒక పిల్ల పేరు పెద్దనాయనా," అన్నాను. ఆరు నెలల్లో ఆయనతో నేనన్న అంత పొడుగు మాట అదే.

"మైకులో ఉండే ఎకోనా? పిల్లా?"

చెప్పక తప్పలేదు. గ్రీకు దేశపు కొండల్లో ఒక వాగుడుకాయ పిల్ల ఉండేది. దేవతల రాణికి కోపం వచ్చి శపించింది. ఇక తనంతట తాను మాట్లాడలేదు, ఎదుటివాళ్ళ చివరి మాటలు తిరిగి అనడమే. ఆ పిల్ల ఒక అందగాణ్ణి ఇష్టపడింది. అతనేమో నీళ్ళలో తన ముఖం తానే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె చిక్కి చిక్కి మాయమైపోయింది, గొంతు మాత్రం కొండల్లో మిగిలింది.

లేబుళ్ళు లెక్కపెట్టి కట్టలు కట్టే అక్క ఒకామె ఉండేది. దూరం నుంచే వింటోంది. "అయితే మొగోడు 'నోరు ముయ్' అంటే ఆ పిల్ల గూడా 'నోరు ముయ్' అనాల్నా?"

"అవునక్కా."

"మంచి శాపమే! మా ఇంట్లో నేను దినామూ అదే చేస్తా ఉండా."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నాల దగ్గర కథ చెప్పడం నా పనైంది. ఇద్దరే వినేవాళ్ళు కాబట్టి గొంతు వణికేది కాదు. చెబుతున్న కొద్దీ ఒక సంగతి తేలింది. ఈ దేవుళ్ళు మా ఊళ్ళకు కొత్తవాళ్ళు కాదు. స్కూల్లో పటాల పుస్తకాన్ని అట్లాసు అంటాం కదా, అది ఆకాశాన్ని భుజాల మీద మోసే ఒక రాక్షసుడి పేరు. ఒక తోలు ఫ్యాక్టరీకి మేము అచ్చేసిన చెప్పుల డబ్బా మీద రెక్కల చెప్పు ఉండేది. అది వాళ్ళ దేవతల వార్తాహరుడి చెప్పు. కర్రకు చుట్టుకున్న పాము వాళ్ళ వైద్య దేవుడి గుర్తు అని చెప్పినప్పుడు పెద్దాయన ముద్ద నోటి దగ్గర ఆపేశాడు.

"వేలూర్లో ఎన్ని మందుల షాపులకు ఆ పామును గీసినానో! సుబ్రమణ్యస్వామి పామనుకుని బోర్డు రాసే ముందు దండం గూడా పెట్టుకునేవాణ్ణే!"

"పోయిందిలే, ఆ సామీ ఈ సామీ తెలిసినోళ్ళే అయ్యుంటారు," అంది అక్క.

అన్నిటికంటే ఆయనకు నచ్చింది ప్రొమిథియస్ కథ. మనుషులు చలికి వణుకుతుంటే చూడలేక, దేవతల దగ్గర నిప్పు దొంగిలించి, బోలుకాడలో దాచి తెచ్చినవాడు. "అదేనమ్మా మొదటి అగ్గిపుల్ల!" అని తొడ చరిచాడు. దానికి శిక్షగా ప్రొమిథియస్‌ను బండకు గొలుసులతో కట్టేశారు. గద్ద వచ్చి రోజూ అతని కాలేయం తినేది, రాత్రికి అది మళ్ళీ పెరిగేది.

"దినామూ తింటే దినామూ పెరిగేదా?" అంది అక్క. "మన కట్టల పని మాదిరే ఉండాదే."

ఇలా ఉండగా బస్టాండు పక్కనున్న బూత్‌కు మా ప్రెస్సు పేర ఒక ఫ్యాక్సు వచ్చింది. విదేశంలో ఒక కంపెనీకి అగ్గిపెట్టెలు కావాలట, లేబుల్ మా ప్రెస్సుది. పేరు వాళ్ళే పెట్టారు: పండోరా. పెట్టె పట్టుకున్న ఆడమనిషి బొమ్మ కావాలి.

మొదలాళి ఆ కాగితం పట్టుకుని పెద్దాయన బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ మాటైనా నిలబడే చెప్పేవాడు, కూర్చుంటే మనసు మారుతుందేమోనని. "అన్నా, వేలూర్లో కంప్యూటర్లో బొమ్మలు చేసేవాళ్ళు వచ్చినారు. అందరూ నన్నూ ఒకటి పెట్టమంటా ఉండారు. ఈ లేబుల్ ఫారిన్‌వాళ్ళకు నచ్చిందంటే నీ బల్ల ఇట్లే ఉంటాది. నచ్చలేదంటే నేనేం చేసేదో నాకే తెలీదు."

ఆయన వెళ్ళాక పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఎవురమ్మా ఈ పండోరా?"

నిప్పు దొంగతనానికి మనుషులకు పడిన శిక్ష ఆమె, అని చెప్పాను. దేవతలు ఒక్కొక్కరూ ఒక్కో వరమిచ్చి ఆమెను తయారుచేసి, మూతపెట్టిన పెట్టె ఒకటి చేతికిచ్చి భూమ్మీదికి పంపారు. తెరవొద్దన్నారు. ఆమె తెరిచింది. రోగాలూ ఏడుపులూ కొట్లాటలూ గుంపుగా బయటికి ఎగిరిపోయాయి. గబుక్కున మూత వేసింది. లోపల ఒక్కటే మిగిలింది.

"ఏమి మిగిలింది?"

పుస్తకంలో 'హోప్' అని ఉంది. నేను "ఆశ" అన్నాను.

ఇక్కడ కాసేపు ఆగాలి. పుస్తకాల తెలుగులో అది సరైన మాటే. కానీ మా ఇళ్ళలో ఆశ అంటే వేరు. పక్కింటి పిల్ల మురుకు తింటుంటే గుడ్లప్పగించి చూసే పిల్లవాడిది ఆశ. "ఆశపడొద్దు, కండ్లు పోతాయి," అని వీపు మీద ఒకటి వేస్తారు. తమిళంలో ఆసై అన్నా అంతే. అది కోరిక, పేరాశకు చెల్లెలు. రేపు బాగుంటుందిలే అని మనసులో నిలబడే దానికి మా ఇంట్లో విడిగా మాటే లేదు. అవసరం పడలేదేమో.

పెద్దాయన నా వైపు కుర్చీ జరుపుకున్నాడు. "ఆశా? ఆశ గూడా ఆ రోగాల్లో ఒకటి గదమ్మా. లేకుంటే ఆ పెట్టెలోకి యాల వచ్చింది?"

పుస్తకంలో అలా లేదని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. "యాల వచ్చిందో," అన్నాను. ఎకోనే.

తొమ్మిది రోజులు గీశాడు. పండోరాకు మొదట పట్టుచీర కట్టాడు. చీర కాదు, భుజాల దగ్గర పిన్నులతో నిలిపిన వస్త్రం అంటే, "సరి, పిన్ను పెడదాం, జారకుండా ఉంటే చాలు," అన్నాడు. ముఖం క్యాలెండరు దేవత ముఖమే. కుడిచేతిలో వెలుగుతున్న పుల్ల. ఎడమచేతిలో సగం తెరిచిన అగ్గిపెట్టె. ఆ లోపలి అర అంచు మీద, రెక్కలు విప్పుతూ, మంట వైపే చూస్తూ చిన్న దీపం పురుగు. పండోరా కళ్ళు మంటను చూడవు, పురుగును చూస్తాయి.

"ఇదేమి పెద్దనాయనా?"

"ఆశ," అన్నాడు. "దీపం పురుగు కాక ఇంకేంది?"

తప్పు అప్పుడే తెలిసింది నాకు. నేను చెప్పిన మాటా ఆయన విన్న మాటా ఒకటి కాదు. అప్పుడు చెప్పి ఉంటే ఒక పూట పని. పురుగు చోట పిట్టనో, నక్షత్రాన్నో పెట్టేవాడు. కానీ అంత బాగుంది ఆ పురుగు. ప్రూఫులో దాని రెక్కల మీద నాలుగు రంగులూ పొడిలా రాలుతున్నట్టుండేవి. నేను నోరు విప్పలేదు.

నమూనా ఆ కంపెనీకి వెళ్ళింది. పది రోజులకు జవాబు వచ్చింది. మొదలాళి, పెద్దాయన, అక్క చుట్టూ నిలబడితే చదివి చెప్పాను. బొమ్మ చాలా బాగుంది, ఆడమనిషి బాగుంది, పురుగు తీసెయ్యండి. ఇంట్లో వాడే వస్తువు మీద పురుగు జనానికి నచ్చదు.

"తీసెయ్ అన్నా. దాంట్లో ఏముండాది, చిన్న పురుగు," అన్నాడు మొదలాళి.

"తీస్తే అది పండోరా గాదు. చేతిలో అగ్గిపెట్టె పెట్టుకున్న ఎవురో ఆడమనిషి. కతంతా ఆ పురుగే."

"కత ఎవురికి కావాలన్నా? పుల్ల గీస్తే మండాల, అంతే."

"నేను వాళ్ళకు ఒక ఉత్తరం రాస్తా. చదివినాక గూడా వద్దంటే, నా చేత్తోనే తుడిచేస్తా."

మొదలాళి గడియారం చూశాడు, క్యాలెండరు చూశాడు. "రెండు దినాలు. అంతలో వాళ్ళు సరేనంటే నీ బొమ్మే అచ్చుకు పోతాది. లేదంటే ఫిల్ము వేలూరుకు పంపి కంప్యూటర్లో తీయించుకుంటా. ఆ మీదట ఈ బల్లకు పనుండదు, నాతో కోపం పెట్టుకోవద్దు."

పెద్దాయన చెబుతుంటే నేను తమిళ అక్షరాల్లో రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పుడూ నా దగ్గరుంది. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇవి:

"అయ్యా, పెట్టెలో మిగిలింది ఆశ. ఆశ అంటే దీపం పురుగు. వెలుతురు కావాలని పోతాది, కాల్తాది. కాల్తాదని తెలిసినా ఇంకోటి వస్తాది. మా ఊర్లో అగ్గిపుల్లలు పేర్చే ఆడోళ్ళను అడగండి, వాళ్ళకు తెలుసు. అది రోగమో మందో నాకు తెలీదు. రోగాల మధ్యలో ఉండింది కాబట్టి రోగమే అనుకుంటా. కానీ అది గూడా ఎగిరిపోయింటే మనుషులు పొద్దున లేచి పనికి రారు. అందుకే ఆ యమ్మ దాన్నే చూస్తా ఉండాది. దాన్ని తీయవద్దండి."

ఇంగ్లీషులో రాసి పంపడానికి బస్టాండు పక్కనున్న బూత్‌కు వెళ్ళాను. అక్కడి చెక్క బెంచీ మీద కూర్చుని రాయబోతే మొదటి వాక్యంలోనే కలం ఆగింది. ఆశను ఏమని రాయాలి? 'హోప్' అంటే అది దీపం పురుగెందుకవుతుంది, రోగమెందుకవుతుంది? కోరిక అనో పేరాశ అనో రాస్తే, ఆ కథ చిన్నప్పుడే విన్న మనుషులు నవ్వుతారు. గుడియాత్తంలో ఎవరికో కథ సరిగా తెలియదని రాస్తారు. మొదలాళి నన్ను పిలిచి "నువ్వేమి చెప్పినావు ఆయనకు?" అని అడుగుతాడు. ఇంగ్లీషులోంచి నేను దాటించి తెచ్చిన మాట, మళ్ళీ అటు దాటనని నా చేతిలో మొరాయించింది.

ఎలాగో పూర్తిచేశాను, ఆశ ఉన్నచోట ఖాళీ వదిలి. బూత్‌లో కూర్చున్నాయన నంబరు నొక్కాడు. మిషన్ కూసింది.

"లైన్ కిడైచ్చిడుచ్చు, పేపర్ కుడుమా," అన్నాడు. లైను దొరికింది, కాగితం ఇవ్వమ్మా అని.

నేను కాగితం మడిచి డైరీలో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

పెద్దాయన కుంచెలు కడుగుతున్నాడు. "లైను దొరికిందామ్మా?"

"దొరకలేదు."

రెండో రోజు బూత్ దాకా కూడా వెళ్ళలేదు. షేర్ ఆటోలో ఊరు ఒక చుట్టు తిరిగి వచ్చాను. "దొరకలేదు పెద్దనాయనా." ఆయన తల ఊపాడు. మూడో రోజు మొదలాళి ఫిల్ములు వేలూరుకు తీసుకెళ్ళాడు. అరగంట పట్టిందట పురుగును తీయడానికి.

ఆయన్ని నవ్వులపాలు కాకుండా కాపాడానని ఆ వారం డైరీలో రాసుకున్నాను. డైరీలో కూడా మనిషి ఎంత హాయిగా అబద్ధమాడగలదో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది. నేను కాపాడుకున్నది నన్ను.

రెండు నెలల్లో కంప్యూటర్ వచ్చింది. దానికి గాజు తలుపుల గది కట్టారు, ఏసీ పెట్టారు. మాలో ఎవరికీ లేని మర్యాద. పెద్దాయన కుంచెలు గుడ్డలో చుట్టుకుని అణైకట్ దగ్గర కూతురి ఊరికి వెళ్ళిపోయాడు. వాలు బల్లను అక్క కట్టలు పెట్టుకోవడానికి వాడుకుంది. వాలు వల్ల కట్టలు జారేవి. "ఈ బల్ల గూడా రోషం గలదే," అనేది.

అచ్చు సరిగా పడని లేబుళ్ళ పెట్టెలు కొన్ని వేలూరు అంగళ్ళలోకి వచ్చాయి. ఒకటి కొన్నాను. పెట్టె అంచు మీద ఏమీ లేదు. కానీ పండోరా చూపును కంప్యూటరువాళ్ళు మార్చలేదు. ఆమె ఇంకా అక్కడే, ఏమీ లేని చోటికే, అంత శ్రద్ధగానూ చూస్తోంది.

ఆ తర్వాత ఏడాదికి వేలూరు లైబ్రరీలో లావుపాటి పురాణ నిఘంటువు ఒకటి చేతికొచ్చింది. పండోరా పేజీ తీశాను. మొదట అది పెట్టె కాదట, ధాన్యం పోసుకునే పెద్ద జాడీ. కొన్ని వందల ఏళ్ళ కింద ఒక పండితుడు ఇంకో భాషలోకి రాస్తూ జాడీని పెట్టె చేశాడు. అప్పటి నుంచీ లోకమంతా పెట్టె అనే అంటోంది. ఆ పొరపాటే లేకపోతే అగ్గిపెట్టెకు ఆమె పేరు పెట్టాలని ఎవరికీ తోచదు.

దాని కిందే ఇంకో మాట ఉంది. అడుగున మిగిలిన దానికి గ్రీకులు వాడిన మాటకు ముందున్నదాని కోసం ఎదురుచూడడం అని అర్థం, మంచైనా సరే, చెడైనా సరే. అది వరమా, రోగాల్లో మిగిలిపోయిన ఇంకో రోగమా, వరమైతే ఆ జాడీలోకి ఎందుకు వచ్చింది అని చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారట. ఇంకో పేజీలో, ఆత్మకూ సీతాకోకచిలుకకూ వాళ్ళు ఒకే మాట వాడేవాళ్ళని ఉంది. దీపం పురుగుకు కూడా ఆ మాట చెల్లుతుందట.

నేను పుస్తకం మూశాను. సిరా బుడ్ల ముందు కూర్చుని ఆ మనిషి అడిగిన ప్రశ్న అదే. నేను ఖాళీ వదిలిన చోట 'ఆశ' అని మా ఇంటి మాటే రాసి పంపి ఉన్నా సరిపోయేది.

ఆ ఆదివారం అణైకట్ బస్సెక్కాను. ఒక పల్లె మొదట్లో, గోడ మీద ఎరువుల ప్రకటన రాస్తూ కనబడ్డాడు. నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, "ఏమ్మా, కొత్త కత తెచ్చినావా?" అన్నాడు.

నిఘంటువులో ఉన్నదంతా చెప్పాను. జాడీ సంగతి విని నవ్వాడు. రెండో సంగతి చెప్పాక నవ్వలేదు. "నిజంగానే పెద్ద పెద్దోళ్ళు గూడా అదే అడుగుతా ఉండారా?" అని రెండుసార్లు అడిగాడు. "అదే అడుగుతా ఉండారు పెద్దనాయనా. మీరు చెప్పింది తప్పు గాదు. పురుగు సరైనదే." ఆయన తిరిగి గోడ వైపు చూశాడు. సగం రాసిన అక్షరం నుంచి రంగు కారుతున్నా చాలాసేపు తుడవలేదు.

ఫ్యాక్సు సంగతి చెప్పడానికే వెళ్ళాను. టీ తాగుతున్నప్పుడు చెబుదామనుకున్నాను. బస్సు కోసం నిలబడ్డప్పుడు చెబుదామనుకున్నాను. డైరీ సంచిలోనే ఉంది, కాగితం డైరీలోనే ఉంది. సంచిని రెండు చేతులా పొట్టకు హత్తుకుని నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆయన కిటికీ కిందికి వచ్చి, నా ముఖం కాదు, ఆ సంచి వైపే చూస్తూ అన్నాడు:

"లైను యెప్పుడన్నా దొరికితే ఆ కాగితం పంపమ్మా. తొందరేం లేదు."